తోడిన నీళ్లు ఎక్కడ పోస్తారు?

సెలవు మీద ఇంటికి వచ్చిన మూడో రాత్రి బాబాయితో పాటు రొయ్యల చెరువు గట్టు మీదే పడుకున్నాను. రెండు గంటల వేళ కరెంటు పోయింది. అంతవరకూ ఏరేటర్ల తెడ్లు నీళ్లు చిలుకుతున్న చప్పుడు చెవుల్లో మోగుతూనే ఉంది. అది ఆగిందంటే చెరువు ఉన్నవాడికి ఎంత నిద్రలో ఉన్నా మెలకువ వచ్చేస్తుంది. బాబాయి చెప్పులు కూడా వేసుకోకుండా జనరేటర్ దగ్గరికి పరుగెత్తాడు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. కాసేపు ఆలస్యమైతే మూడు నెలల మేత, మూడు నెలల కష్టం తెల్లగా తేలిపోతాయి.

జనరేటర్ అందుకున్నాక, చేతికంటిన డీజిల్ తుండుగుడ్డకు తుడుచుకుంటూ అడిగాడు. "మీ ప్లాంటు కూడా ఇలాగే ఆగిపోతుందా?"

"మరమ్మతుకు మేం ఆపితే ఆగుతుంది, లేదా ఏదైనా పాడైతే. రాత్రి అని, మబ్బు అని, గాలి లేదని మాత్రం ఆగదు బాబాయ్."

నేను ఫిట్టర్ని. మలికిపురం దగ్గర మా ఊరు. మొదట కోనసీమలోనే గ్యాసు రిగ్గుల మీద, తర్వాత నాలుగేళ్లు కువైట్‌లో పనిచేసి, ఇప్పుడు న్యూజిలాండ్‌లోని టౌపో దగ్గర భూమి లోపలి వేడితో కరెంటు తీసే చోట ఉన్నాను. ఆ దేశపు కరెంటులో దాదాపు ఐదో వంతు ఇలా నేలలోంచి వచ్చేదే. మా పక్కనే ఉన్న వైరాకీ కేంద్రం 1958లో మొదలైంది. అంతకు చాలా ముందు, 1904లో, ఇటలీలోని లార్డెరెల్లోలో భూమిలోంచి వచ్చిన ఆవిరితో ఐదు బల్బులు వెలిగించారు. కానీ అక్కడిది పొడి ఆవిరి. వైరాకీలో పైకి తన్నుకొచ్చేది ఆవిరీ నీళ్లూ కలిసిన ధార. అలాంటి ధార నుంచి పెద్ద ఎత్తున కరెంటు తీయడం ప్రపంచంలో అక్కడే మొదలు.

బాబాయికి అర్థమయ్యేలా ఇలా చెప్పాను. లోపల నీళ్లు సుమారు 250 డిగ్రీల వేడి మీద ఉంటాయి. పైనున్న బరువు అదిమి పెట్టడం వల్ల మరగవు. బోరు గుండా పైకి వచ్చే కొద్దీ ఒత్తిడి తగ్గి, కొంత నీరు ఆవిరైపోతుంది. ఆ ధారను నిలువెత్తు ఇనుప డ్రమ్ములో గిరగిరా తిప్పితే నీళ్లు గోడకు కొట్టుకుని కిందికి జారతాయి, ఆవిరి విడిపోతుంది. అన్నం వార్చడం లాంటిదే, కాకపోతే ఇక్కడ మనకు కావలసింది ఆవిరి. అది టర్బైన్‌ను తిప్పుతుంది. మిగిలిన వేడినీటిని ఏం చేయాలన్నదే అసలు చిక్కు. మా పనిలో సగం ఆ నీటి చుట్టూనే తిరుగుతుంది.

ఆ నీళ్లలో సిలికా కరిగి ఉంటుంది. చల్లబడుతున్న కొద్దీ అది గొట్టాల లోపల పేరుకుంటుంది. మొదటిసారి షట్‌డౌన్‌లో ఒక గొట్టం విప్పి చూసి నమ్మలేకపోయాను. తల పట్టేంత వెడల్పున్న గొట్టంలో పిడికిలి పట్టేంత సందే మిగిలింది. చుట్టూ బూడిద రంగు పొరలు, చెట్టు మొద్దులో వలయాల్లా ఒకదాని మీద ఒకటి. గోటితో గీస్తే గీత పడదు, అంచు తగిలితే చేతి తొడుగు తెగుతుంది. రోజంతా నీటి ధారను తుపాకీలా పట్టుకుని కొడితే పెచ్చులుగా ఊడింది. అందులో ఒక పెచ్చు సంచిలో వేసుకొచ్చాను. బాబాయి టార్చి వెలుగులో దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, "మన కొళాయి నీళ్లు కాచిన గిన్నెలో పొరలా ఉంది, రాయైపోయిందంతే" అన్నాడు.

తర్వాత అడిగాడు. "అన్ని నీళ్లు తోడేస్తున్నారు కదా, వాటిని ఎక్కడ పోస్తారు?"

చేపలూ రొయ్యలూ పెంచేవాడు అడిగే ప్రశ్న అది. మా మురుగు కాలువల్లోకి ఎవరు ఏం వదిలారో వాసన పట్టి చెప్పగలడు. వైరాకీ మొదటి రోజుల్లో ఈ ప్రశ్నను ఇంత గట్టిగా అడిగినవాళ్లు ఉంటే బాగుండేది. అప్పట్లో ఆ నీళ్లను చాలాకాలం వైకాటో నదిలోకే వదిలారు. వాటిలో ఆర్సెనిక్ అనే విషం ఉంటుంది. లోపలి ఒత్తిడి పడిపోవడంతో పక్క లోయలో శతాబ్దాలుగా ఎగిసిన వేడినీటి బుగ్గలు చచ్చిపోయాయి. ఒకచోట నేల దాదాపు 15 మీటర్లు కుంగింది. నిండుగా ఎదిగిన కొబ్బరి చెట్టంత లోతు అది. ఆ చోటు పక్కగా పనికి వెళ్లినప్పుడల్లా ఇల్లు గుర్తుకొస్తుంది.

ఇప్పుడు తీసిన నీటిలో చాలా భాగాన్ని వేరే బోర్ల గుండా తిరిగి భూమిలోకే దించుతారు. ఎక్కడ దించాలన్నది పెద్ద విద్య. తోడే బోర్లకు మరీ దగ్గరగా దించితే అవి చల్లబడతాయి, మరీ దూరంగా దించితే ఒత్తిడి అందదు. సర్వేవాళ్లు ఏళ్ల తరబడి అవే గుర్తుల దగ్గరికి వచ్చి నేల ఎంత దిగిందో కొలుస్తారు. ఆ కొలతలంటే నాకు ఎంతో గౌరవం.

బాబాయికి అన్నిటికంటే నచ్చిన సంగతి రొయ్యలది. కేంద్రం పక్కనే, నది ఒడ్డున రొయ్యల చెరువులు ఉన్నాయి. నా మొదటి శీతాకాలంలో గడ్డి మీద మంచు గడ్డకట్టిన రోజున చూడటానికి వెళ్లాను. ప్లాంటు వదిలే నీటి వేడిని నదినీటికి ఎక్కించి, ఆ గోరువెచ్చని నీళ్లు చెరువుల్లోకి వదులుతున్నారు. వలలోంచి ఒకదాన్ని తీసి చూపించారు. నీలి రంగు, ఒంటికి మించిన పొడవున్న గిట్టలు. మన నీలకంఠ రొయ్య! గోదావరిలో నాన్న పట్టి తెచ్చినదే, ఆ మంచులో నా అరచేతిలో మీసాలు ఆడిస్తోంది. ఆ సాయంత్రం అమ్మకు ఫోను చేస్తే గొంతు పెగల్లేదు.

"చలి దేశంలో నీలకంఠమా!" అని బాబాయి చాలాసేపు అదే తలచుకున్నాడు.

1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాసు బావి పేలినప్పుడు నేను చిన్నపిల్లాణ్ని. ఆ మంట రెండు నెలలకు పైగా మండింది. రాత్రిళ్లు డాబా ఎక్కితే ఈశాన్యం వైపు ఆకాశం ఎర్రగా ఉండేది. నేలలోంచి ఏదైనా తీయడమంటే ఇప్పటికీ నాకు మొదట గుర్తొచ్చేది ఆ ఎరుపే. టౌపో ప్రాంతంలో కొత్త బోరు వేసే ముందు అక్కడి మూలవాసులైన మావోరీల పెద్దలు ప్రార్థన చేస్తారు. ఇక్కడ మేం రిగ్గుకు కొబ్బరికాయ కొట్టేవాళ్లం. తేడా ఆ తర్వాత వస్తుంది. రోటోకావాలో 2010లో మొదలైన 140 మెగావాట్ల ప్లాంటులో ఆ భూమికి చెందిన మావోరీ ట్రస్టు భాగస్వామి. ఆ నేల మనుషులు లెక్కలు చూసే బల్ల దగ్గర కూర్చుంటారు. మా కోనసీమ రైతుకు ఆ చోటు ఎన్నడూ దక్కలేదు. ఈ మాట కోపంతోనే అంటున్నాను.

"మరి మన దగ్గర ఈ కరెంటు రాదా?" అన్నాడు బాబాయి.

గోదావరి ఎగువన, మణుగూరు దగ్గర పగిడేరులో, బొగ్గు కోసం వేసిన బోరులోంచి వేడినీళ్లు ఉబికి వచ్చాయి. సింగరేణి అక్కడ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. చిన్నదే, అయినా నా కళ్లతో చూడాలని ఉంది. డెల్టా కింద మాత్రం కిలోమీటర్ల మందాన ఒండ్రు, అవక్షేపాలు. చాలా లోతుకు వెళ్తే వేడి ఉంటుంది, రిగ్గు మీద పనిచేసినవాడిగా నాకు తెలుసు. కానీ అంత లోతు నుంచి నీళ్లు తోడి, తిరిగి దించి, గిట్టుబాటు చేయడం తేలిక కాదు. ఆ మాట దాచకుండా చెప్పాను. ఆయనకు ఆశ పెట్టి వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు.

తెల్లవారాక తూము దగ్గరికి తీసుకెళ్లాడు. గోడ మీద ఎర్ర రంగుతో గీతలు, ఒక్కోదాని పక్కన ఒక్కో సంవత్సరం. ఏటా కార్తీక అమావాస్య పోటుకు ఉప్పునీరు ఎక్కడి వరకు వచ్చిందో ఆయన వేసుకున్న గుర్తులు. అట్టడుగు గీతకూ పై గీతకూ మధ్య నా నాలుగు వేళ్లు పట్టాయి. గ్యాసు తీయడం వల్లే నేల దిగుతోందని ఊళ్లో చాలామంది అంటారు. ఎగువ ఆనకట్టల దగ్గర ఒండ్రు ఆగిపోవడం కూడా ఒక కారణం, సముద్రమూ పెరుగుతోంది. ఏది ఎంతో వేరుచేసి చెప్పాలంటే కొలవాలి.

"నేల దిగుతోందో, నీళ్లు ఎక్కుతున్నాయో నువ్వు చెప్పాలి" అన్నాడు.

"ఈ గీతలతో తెలియదు బాబాయ్. గోడ దిగినా గీత పైకి వచ్చినట్టే కనిపిస్తుంది. కదలని గుర్తు ఒకటి కావాలి."

తిరిగి వెళ్లాక అక్కడి సర్వేవాళ్లను అడిగి, ఎలా మొదలుపెట్టాలో తెలుగులో రాసి పంపిస్తానన్నాను. ఆయన తలూపి, గోడకు ఆనించి ఉన్న రంగు డబ్బా మూత బిగించి, చెరువుకు మేత వేయడానికి వెళ్లాడు. ఫోనుతో ఒక్కో గీతనూ, దాని పక్క సంవత్సరం కనిపించేలా, ఫోటోలు తీసుకున్నాను.