పాత ఫ్లట్టర్ యాప్‌లో ప్లగిన్లన్నీ కొత్త వెర్షన్లకి ఎక్కించిన పని – నా అనుభవం

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజ్ వాళ్ళకి ఒక ఫ్లట్టర్ యాప్ ఉంది (ఫ్లట్టర్ అంటే ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండిటికీ యాప్ చేసే గూగుల్ టూల్‌కిట్). రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపగానే లాట్ నంబర్ వేసి, ఫోటో తీసి, చిన్న బ్లూటూత్ ప్రింటర్ మీద రసీదు కొట్టి చేతిలో పెట్టే యాప్ అది. రాసినాయన వేరే ఉద్యోగంలోకి వెళ్ళిపోయాడు, 2023 మొదట్లో ఆగిపోయిన కోడ్ నా దగ్గరికొచ్చింది. ఓనర్ గారు అడిగింది చాలా చిన్నది, రసీదులో ఒక లైను కలపాలి అంతే. కానీ 2025 ఆగస్టు 31 తర్వాత ప్లే స్టోర్‌లో అప్‌డేట్ పెట్టాలంటే టార్గెట్ ఏపీఐ 35, అంటే ఆండ్రాయిడ్ 15, ఉండాలి, ఆ టార్గెట్‌కి వెళ్తే నవంబర్ 1 నుంచి 16 కేబీ మెమరీ పేజీలకి (ఫోన్ మెమరీని 16 కేబీ ముక్కలుగా వాడే పద్ధతికి) కూడా సపోర్ట్ ఉండాలి. కాబట్టి ఆ ఒక్క లైను బయటికి వెళ్ళాలంటే ముందు కిందున్న ప్లగిన్లన్నీ, అంటే యాప్‌లో కలుపుకున్న రెడీమేడ్ కోడ్ ముక్కలన్నీ, కొత్త వెర్షన్లకి కదలాలి.

టార్గెట్ నంబర్ మారిస్తే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు, నంబర్ మార్చడం నిమిషం పనే. కానీ ఏపీఐ 35 మీద కంపైల్ చెయ్యాలంటే ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ (ఆండ్రాయిడ్ యాప్‌ని బిల్డ్ చేసే టూల్) 8 సిరీస్ కావాలి, దానికి జేడీకే 17 (జావా కిట్) కావాలి, అక్కడికి వెళ్ళగానే పాత ఫ్లట్టర్ ప్లగిన్లు ఒక్కోటి అడ్డం పడతాయి, వాటి కొత్త వెర్షన్లు వేసుకుందామంటే అవి డార్ట్ 3 అడుగుతాయి (డార్ట్ అంటే ఫ్లట్టర్ కోడ్ రాసే భాష).

నేను కోడ్ ముట్టుకోకముందు చేసిన పని ఒకటుంది, ఇప్పటికీ ఏ పాత ప్రాజెక్ట్ వచ్చినా అదే చేస్తా. పబ్‌స్పెక్ ఫైల్ (యాప్‌కి ఏ ప్యాకేజీలు కావాలో రాసుండేది) తెరిచి అందులో ఉన్న పేర్లన్నీ కాగితం మీద రెండు వరసలుగా రాసుకున్నా. ఒక వరసలో వట్టి డార్ట్ కోడ్ మాత్రమే ఉన్న ప్యాకేజీలు, రెండో వరసలో లోపల కోట్లిన్, జావా, స్విఫ్ట్ లాంటి నేటివ్ కోడ్ ఉన్న ప్లగిన్లు. సోర్స్‌లో ఆండ్రాయిడ్, ఐఓఎస్ ఫోల్డర్లు ఉన్నాయో లేదో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. కొన్నిట్లో ఆ కోడ్ పేరు చివర ఆండ్రాయిడ్ అనో ఐఓఎస్ అనో ఉండే వేరే ప్యాకేజీలో ఉంటుంది, యూఆర్ఎల్ లాంచర్ అలాంటిదే, కాబట్టి డిపెండెన్సీలు కూడా ఒకసారి చూడాలి. మొదటి వరసతో వచ్చే గొడవ ఎక్కువగా డార్ట్ కంపైలర్ దగ్గరే తేలిపోతుంది, అసలు టైమంతా తినేది రెండో వరసే. రసీదు పీడీఎఫ్ తయారుచేసే ప్యాకేజీ పూర్తిగా డార్ట్‌లోనే ఉంది, దానికి నేను పెట్టిన టైం దాదాపు లేదు.

తర్వాత లాక్ ఫైల్, అంటే ఏ ప్యాకేజీది సరిగ్గా ఏ వెర్షన్ వేసుకున్నామో రాసుండేది. ఈ ప్రాజెక్ట్‌లో పబ్‌స్పెక్ లాక్ ఫైల్ గిట్‌లో (కోడ్ మార్పులన్నీ దాచే చోట) లేదు, ఇగ్నోర్ లిస్టులో ఉంది. యాప్ అన్నాక లాక్ ఫైల్ గిట్‌లో ఉండి తీరాలండి, డార్ట్ వాళ్ళ డాక్యుమెంటేషన్ కూడా అదే చెప్తుంది, అది లేకపోతే ఈరోజు నా మెషిన్‌లో వచ్చిన వెర్షన్లు, అప్పట్లో స్టోర్‌కి వెళ్ళిన వెర్షన్లు ఒకటేనని చెప్పడానికి ఏ ఆధారం ఉండదు. పాతాయనకి ఫోన్ చేసి "అన్నా, పాత ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్ ఏమన్నా మిగిలుందా" అని అడిగితే పాపం ఆదివారం కూర్చుని వెతికి జిప్ చేసి పంపాడు. ఆ లాక్ ఫైల్ పెట్టి, ఎఫ్‌వీఎం (ఫ్లట్టర్ వెర్షన్లు మార్చుకునే టూల్) తో ఫ్లట్టర్ 3.7 దించి, ముందు పాత యాప్‌ని ఉన్నది ఉన్నట్టు బిల్డ్ చేశా. అది ప్రింటర్‌తో సహా ఫోన్‌లో నడిచాకే మొదటి మార్పు చేశా. తర్వాత ఏదన్నా ఆగిపోతే నా మార్పు వల్ల ఆగిందా ముందునుంచే ఉందా అన్నది తేల్చుకోడానికి ఆ బిల్డ్ ఎన్నోసార్లు అక్కరకొచ్చింది.

3.7 దగ్గరే కాసేపు ఆగాల్సిన కారణం ఇంకోటి కూడా ఉంది. యాప్‌లో కొంత కోడ్, రెండు మూడు ప్యాకేజీలు నల్ సేఫ్టీ (ఖాళీ విలువల వల్ల వచ్చే తప్పుల్ని ముందే పట్టే పద్ధతి) లేకుండానే ఉన్నాయి. డార్ట్ 2.19 దాకా అలాంటి కోడ్ కలిసి నడుస్తుంది, డార్ట్ 3 లో అసలు కంపైలే అవ్వదు, మార్చిపెట్టే డార్ట్ మైగ్రేట్ టూల్ కూడా డార్ట్ 3 నుంచి తీసేశారు. ఫ్లట్టర్ 3.7 లో ఉన్నది 2.19 కాబట్టి ఆ పని అక్కడే ముగించుకుని కదలాలి, ముందు ప్యాకేజీలు తర్వాత మన కోడ్, ఈ వరసే సుఖం. నేరుగా లేటెస్ట్ ఫ్లట్టర్ వేసేసుకున్నవాళ్ళు సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటారు.

డార్ట్ 3 ఉన్న ఫ్లట్టర్ 3.10 కి వెళ్ళగానే వెర్షన్ సాల్వింగ్ ఫెయిల్డ్ అని, అంటే ప్యాకేజీలన్నిటికీ కుదిరే వెర్షన్లు దొరకలేదని, ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఈ మెసేజ్ చూసి భయపడి డిపెండెన్సీ ఓవర్‌రైడ్స్ పెట్టేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది వద్దని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఓవర్‌రైడ్ గొడవని తీర్చదు, రెండు ప్యాకేజీలూ ఒప్పుకోని వెర్షన్‌ని బలవంతంగా కూర్చోబెడుతుంది అంతే. ఆ మెసేజ్ నిజానికి చాలా చక్కగా రాసిన మెసేజ్. దాని వెనక ఉన్న పబ్‌గ్రబ్ అల్గారిథమ్‌ని 2018 లో నటాలీ వైజెన్‌బామ్ డార్ట్ కోసమే తయారుచేసింది, ఆ తర్వాత యాపిల్ వాళ్ళ స్విఫ్ట్ ప్యాకేజ్ మేనేజర్, పైథాన్‌లో యూవీ లాంటివి కూడా అదే పద్ధతి తీసుకున్నాయి. ఎందుకు కుదరలేదో కారణం మీద కారణం పేర్చి చెప్తుంది, కింద నుంచి పైకి చదువుకుంటూ వెళ్తే అసలు పట్టు ఎక్కడుందో దొరుకుతుంది.

నా కేసులో పట్టు ఇంటల్ (తేదీలు, అంకెలు భాషని బట్టి చూపించే) ప్యాకేజీ దగ్గర. తెలుగు తేదీలు చూపించడానికి యాప్‌లో ఫ్లట్టర్ లోకలైజేషన్స్ వాడారు, అది ఎస్‌డీకే (ఫ్లట్టర్ కిట్) తో పాటే వస్తుంది, ఇంటల్‌ని ఒకే ఒక్క ఖచ్చితమైన వెర్షన్‌కి కట్టేస్తుంది. 0.18 నుంచి 0.19, తర్వాత 0.20, ఎస్‌డీకే పెరిగేకొద్దీ ఆ నంబర్ పెరుగుతుంది. మామూలుగా పబ్‌స్పెక్‌లో ^1.2.0 అంటే 1.2.0 నుంచి 2.0.0 లోపు ఏదైనా అని అర్థం, కానీ ముందు సున్నా ఉంటే లెక్క వేరు, ^0.18.0 అంటే 0.19.0 కి దిగువనే ఆగిపోతుంది, అందుకే అడుగడుగునా అడ్డం వచ్చింది. ఈ ఒక్కదానికి మాత్రం మన పబ్‌స్పెక్‌లో ఎనీ (ఏ వెర్షనైనా సరే) అని రాసి నిర్ణయం ఎస్‌డీకే కే వదిలెయ్యడం మంచిది, మిగతావాటికి ఎప్పుడూ ఎనీ పెట్టొద్దు.

మిగతావి ఎక్కించడానికి పబ్ అవుట్‌డేటెడ్ కమాండ్ (ఏ ప్యాకేజీలు పాతబడ్డాయో చూపించేది) పెట్టుకున్నా. అందులో లేటెస్ట్ కాలమ్ చూసి ఆశపడకుండా రిజాల్వబుల్ కాలమ్ చూసుకోవాలి, మిగతా ప్యాకేజీలతో కలిసి నిజంగా వేసుకోగలిగేది అదే. ఒక ప్లగిన్ ఎక్కించడం, చేంజ్‌లాగ్ చదవడం, ఫోన్‌లో చూడడం, కమిట్ చెయ్యడం, మళ్ళీ ఇంకోటి. ఫైర్‌బేస్‌వి (గూగుల్ సర్వర్ సేవల ప్లగిన్లు) మాత్రం అన్నీ కలిపి ఒకేసారి ఎక్కించా, అవి కోర్ వెర్షన్‌తో ముడిపడి ఉంటాయి కాబట్టి విడివిడిగా కదలవు. పాత కనెక్టివిటీ, షేర్, డివైస్ ఇన్ఫో ప్లగిన్లు ఎప్పుడో ఆపేశారు, వాటి చోట ప్లస్ పేరుతో ఉన్నవి వేశా. ప్లగిన్ కొత్తగా కలిపాక హాట్ రీస్టార్ట్ చేస్తే మిస్సింగ్ ప్లగిన్ ఎక్సెప్షన్ వస్తుంది, నేటివ్ కోడ్ మళ్ళీ బిల్డ్ అవ్వాలి కదా, యాప్ పూర్తిగా ఆపి రన్ చెయ్యాలి. కొత్తవాళ్ళు దీని మీద పూటలు పోగొట్టుకోవడం చూశా.

గ్రేడిల్ ప్లగిన్ 8 సిరీస్‌లోకి రాగానే నేమ్‌స్పేస్ (ఆ కోడ్‌కి ఉండాల్సిన ప్యాకేజీ పేరు) ఇవ్వలేదు అనే ఎర్రర్, దాని వెనకే జావా 1.8, కోట్లిన్ 17 పొంతన కుదరట్లేదని ఇంకో ఎర్రర్. రెండూ మన కోడ్‌లో కాదు, ప్లగిన్ల గ్రేడిల్ ఫైళ్ళలో. దించుకున్న ప్యాకేజీలు ఉండే పబ్ క్యాష్ ఫోల్డర్‌లోకి వెళ్ళి ఆ ఫైల్‌లో ఒక లైను కలిపెయ్యమని సలహాలు దొరుకుతాయి, నా మెషిన్‌లో నడుస్తుంది సరే, రేపు ఇంకో మెషిన్‌లో పబ్ గెట్ కొడితే ఆ లైను ఉండదు. నేను ఆ ప్లగిన్‌ని ఫోర్క్ చేసి (నా సొంత కాపీ తీసుకుని), సరిచేసి, పబ్‌స్పెక్‌లో గిట్ లింకు, కమిట్ హాష్‌తో (ఆ ఒక్క మార్పుకి ఉండే గుర్తుతో) సహా ఇచ్చా. బ్రాంచ్ పేరు ఇస్తే అది ఎప్పుడైనా కదలొచ్చు, హాష్ కదలదు.

బ్లూటూత్ ప్రింటర్ ప్లగిన్ దగ్గర మాత్రం ఈ పద్ధతి కూడా సరిపోలేదు. రాసినవాళ్ళు వదిలేసి చాలా కాలమైంది, పాత వీ1 ఎంబెడింగ్ (ప్లగిన్‌ని ఆండ్రాయిడ్‌లో ఫ్లట్టర్‌కి కలిపే పాత పద్ధతి) కోడ్ ఇంకా అందులో ఉంది, ఫ్లట్టర్ 3.29 లో ఆ వీ1 పూర్తిగా తీసేశారు కాబట్టి దానిలోని రిజిస్ట్రార్ అనే క్లాస్ దొరకట్లేదని బిల్డ్ ఆగిపోయింది. ఆ పాత కోడ్ తీసేస్తే ఆండ్రాయిడ్ 12 నుంచి అడగాల్సిన బ్లూటూత్ కనెక్ట్ పర్మిషన్ లేదు. అది కలిపితే లోపల ఉన్న పాత ఎస్ఓ ఫైలు (ముందే కంపైల్ చేసిపెట్టిన నేటివ్ లైబ్రరీ) 16 కేబీకి సరిపోలేదు, ఆండ్రాయిడ్ స్టూడియోలో ఏపీకే ఎనలైజర్ పెడితే అలైన్‌మెంట్ కాలమ్‌లో స్పష్టంగా కనిపించింది. సోర్స్ లేని ఎస్ఓ ని నేను మళ్ళీ కంపైల్ చెయ్యలేను. అప్పుడు ఆలోచిస్తే ఆ ప్లగిన్‌లో ఉన్నవాటిలో ఈ యాప్ వాడేది కనెక్ట్ అవ్వడం, బైట్లు పంపడం, ఈ రెండే. సొంతంగా ఒక మెథడ్ ఛానెల్ (డార్ట్ కోడ్, నేటివ్ కోడ్ మాట్లాడుకునే దారి) పెట్టి కోట్లిన్‌లో ఆర్ఎఫ్‌కామ్ సాకెట్ (బ్లూటూత్ మీద బైట్లు పంపే కనెక్షన్) తెరిచి రాసేశా, కోడ్ చాలా తక్కువ. రైతు పేరు తెలుగులో రావాలి, ఆ ప్రింటర్ ఫాంట్లలో తెలుగు లేదు, అందుకని రసీదంతా ఫ్లట్టర్‌లోనే బొమ్మగా గీసి 384 చుక్కల వెడల్పుకి కుదించి పంపిస్తున్నా, 58 మిల్లీమీటర్ల పేపర్‌కి సరిగ్గా సరిపోతుంది. ఒత్తులు, గుణింతాలు విరగకుండా వచ్చిన మొదటి రసీదు ఓనర్ గారికి చూపిస్తే "బాబూ, ఇక ఇది మార్చమాకు" అన్నారు.

అప్పటినుంచి కొత్త ప్లగిన్ పెట్టేముందు పబ్ డాట్ డెవ్‌లో (డార్ట్ ప్యాకేజీలన్నీ ఉండే సైట్‌లో) లైకులు చూసి ఊరుకోవట్లేదు. పబ్లిషర్ వెరిఫైడ్ అవునా కాదా, చివరి రిలీజ్ ఎప్పుడు, ఇష్యూస్‌లో నేమ్‌స్పేస్, 16 కేబీ అని వెతికితే ఎవరైనా జవాబిచ్చారా, ఇవి చూస్తా. మనకి కావాల్సింది చిన్నదైతే సొంతంగా రాసుకోవడమే మేలనిపిస్తుంది.

ఐఫోన్ వైపు ఇంకా కొంత ఉంది. ఇప్పటికి కోకోపాడ్స్‌తోనే (ఐఫోన్ వైపు పాడ్స్ అనే లైబ్రరీలు దించే టూల్) పాడ్ రెపో అప్‌డేట్ చేసి, పాడ్‌ఫైల్ లాక్ మొత్తం తీసెయ్యకుండా ఫైర్‌బేస్ వరకే పాడ్ అప్‌డేట్ కొట్టి నడిపించా. కానీ కోకోపాడ్స్ ట్రంక్ (పాడ్స్ కొత్త వెర్షన్లు పెట్టే సర్వర్) 2026 డిసెంబర్ 2 నుంచి చదవడానికి మాత్రమే ఉంటుందని వాళ్ళే ప్రకటించారు, ఫ్లట్టర్ కూడా స్విఫ్ట్ ప్యాకేజ్ మేనేజర్ వైపు జరుగుతోంది. ఉన్న పాడ్స్ దిగుతూనే ఉంటాయి, కొత్త వెర్షన్లే అక్కడికి రావు. అందుకని ఆ రెండో వరస కాగితం మళ్ళీ తీసి, ఏ ప్లగిన్ సోర్స్‌లో స్విఫ్ట్ ప్యాకేజ్ మేనేజర్‌కి కావాల్సిన ప్యాకేజ్ డాట్ స్విఫ్ట్ ఫైల్ ఉంది ఏది లేదు అని పక్కన టిక్కులు పెడుతున్నా, లేనివాటికి వచ్చే సీజన్ టిక్కీలు దిగేలోపు వేరే దారి చూడాలి.