గడి అంటే దారం అని తెలిసేదాకా

డిగ్రీ అయ్యాక ఇంట్లో ఉన్న రోజుల్లో వీడియోలు చూసి జింప్ అనే బొమ్మలు గీసే కంప్యూటర్ ప్రోగ్రామ్ నేర్చుకున్నాను. డబ్బు కట్టక్కర్లేదు, నా పాత లాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. మా మేనమామ ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. చీర మీద కొత్త బుటా (పువ్వు) కావాలంటే దాన్ని గళ్ల కాగితం మీద గ్రాఫ్‌గా గీసేవాళ్ల చుట్టూ తిరగాలి, ఆ పనేదో నేనే చేసిపెడదామని మొదలుపెట్టాను.

మొదటి డిజైన్ కోసం లేపాక్షి వెళ్లాను. అక్కడి లతా మండపం స్తంభాల మీది నగిషీలు మన చీరల అంచుల్లోకి ఎప్పుడో వచ్చేశాయి, ఎదురుగా నిలబడి చూస్తే మాత్రం ఏది వదలాలో అర్థం కాదు. ఒక గుండ్రటి పువ్వు ఎంచుకుని, ఇంటికొచ్చి 240 గడుల వెడల్పు, 240 గడుల ఎత్తుతో గీశాను. మగ్గం మీద డిజైన్ ప్రకారం దారాలను పైకి ఎత్తే యంత్రం జాకార్డు, మామ జాకార్డుకు ఉన్న కొక్కేలు 240. అడ్డంగా ఒక గడి అంటే పడుగులో (మగ్గం మీద నిలువుగా ఉండే దారాల్లో) ఒక పోగు, నిలువుగా ఒక వరస అంటే ఒక జరీ పేక (అడ్డంగా వేసే దారం), ఆ పేకకు చిల్లులు కొట్టిన ఒక అట్ట. స్క్రీన్ మీద ఎంత ముద్దొచ్చిందో!

అట్టలు కొట్టించి మగ్గానికి ఎక్కించాక చూస్తే పువ్వు కోడిగుడ్డులా నిలువుగా సాగి ఉంది. నాకు ఏడుపొచ్చింది. మామ ఏమీ అనలేదు, స్కేలు తెచ్చి బట్ట మీద పెట్టాడు. "లెక్కపెట్టు పాపా" అన్నాడు. అంగుళానికి పడుగు పోగులు 100, జరీ పేకలు 60. అంటే నా పువ్వు వెడల్పు 2.4 అంగుళాలు, ఎత్తు 4 అంగుళాలు. కంప్యూటర్‌లో గడి చదరం, మగ్గం మీద కాదు. ఈ ఒక్క మాట నేను చూసిన వీడియోల్లో ఎవరూ చెప్పలేదు. ఎత్తు 144 గడులకు తగ్గించాలి, అప్పుడు స్క్రీన్ మీద పువ్వు నొక్కేసినట్టు కనబడుతుంది, బట్ట మీద గుండ్రంగా వస్తుంది. అట్టలు కూడా 240 బదులు 144 చాలు.

బ్రష్‌తో గీస్తే అంచుల్లో బూడిద రంగు గడులు వస్తాయి. దారం లేస్తుంది లేదా లేవదు, మధ్యలో ఇంకేమీ ఉండదు కదా, అందుకే పెన్సిల్ టూల్‌తో రెండే రంగుల్లో గీయాలి.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది రేకుల లోపలి భాగానికి. రేకు మొత్తం జరీతో నింపేశాను, అలా చేస్తే జరీ వదులుగా వేలాడి గాజుకు తగులుకుంటుందని అత్త చెప్పింది, కట్టుకునేది తనే కాబట్టి ఆమెకే బాగా తెలుసు. ప్రతి పది పన్నెండు గడులకు ఒక గడిని చుక్కలా ఖాళీగా వదిలితే ఆ పడుగు పోగు పైకి లేచి జరీని నొక్కిపడుతుంది. చుక్కలన్నీ ఒకే వరసలో పెట్టాను, పువ్వు మీద గీత కొట్టినట్టు కనబడింది. మళ్లీ కూర్చుని ఒక్కో వరసకు కాస్త జరుపుతూ చెదరగొట్టాను, రెండు రాత్రులు అదే పని.

రెండోసారి నేసినప్పుడు అత్త చేతి గాజు తీసి పువ్వు మీద పెట్టింది. చుట్టూ ఎక్కడా తేడా లేదు. మామ ఇప్పుడు కొంగు గీయమంటున్నాడు, రాత్రి మూడు నెమళ్లు గీసి చూపిస్తే ఒకటి ఉంచమన్నాడు.