కారు సీటు కింద చిలుము పట్టిన ఎర్త్ వైరు

మా కారులో డ్రైవర్ సీటు స్విచ్ నొక్కితే జరిగే రకం. పోయిన వానాకాలం అది పూర్తిగా వెనక్కి ఉన్నప్పుడు ఆగిపోయింది. నేను పొడగరిని కాబట్టి నాకు సరిపోయింది గానీ, మా ఆవిడకి క్లచ్ అందదు. పిల్లల్ని బడికి దింపేది ఆవిడే. వీపు వెనక దిండు పెట్టుకుని నడుపుతుంటే, గట్టిగా బ్రేకు తొక్కాల్సి వస్తే ఎలాగని నాకు రోజూ టెన్షనే.

30 ఆంపియర్ల ఫ్యూజ్ తీసి చూశాను, బాగానే ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్తే, మీటరైనా పెట్టకుండా "మోటారు పోయింది, 18 వేలవుతుంది" అన్నారు. ముందుకీ వెనక్కీ జరగడానికి ఒక మోటారు, ఎత్తుకి ఒకటి, వీపు వాలడానికి ఇంకొకటి. మూడూ ఆగిపోయాయి. మూడు మోటార్లూ ఒకే రోజు ఎందుకు పోతాయి? మూడింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో పోయుండాలని ఇంటికి తెచ్చేశాను.

ఆదివారం టార్చితో సీటు కింద దూరాను. కనెక్టరుకి వచ్చే కరెంటు వైరు మీద మల్టీమీటరు ఎర్ర ప్రోబు, బాడీ బోల్టు మీద నల్లది పెడితే 12.4 వోల్టులు. కరెంటు వస్తోంది, సీటు కదలదు. రెండు గంటలు తల పట్టుకుని కూర్చుని, ఆఖరికి లారీల వైరింగ్‌లోనే తల పండిన మా మామయ్యకి ఫోన్ చేశాను.

"నల్ల ప్రోబు ఎక్కడ పెట్టావురా?"

"బాడీ బోల్టు మీద, మామయ్యా."

"సీటు ఎర్త్ తీసుకునేది ఆ బోల్టు నుంచా? కనెక్టర్లో నల్ల వైరు మీద పెట్టు. ఊరికే కాదు, స్విచ్ నొక్కి పట్టుకుని చూడు."

నొక్కకుండా అదే 12.4. నొక్కగానే 2 కి పడిపోయింది! ఎర్త్ అంటే మోటారు నుంచి కరెంటు కారు బాడీలోకి తిరిగి వెళ్లే దారి, అనుమానం దాని మీదకే పోయింది. మీటరు లాగే కరెంటు బహు తక్కువ, వెంట్రుకంత దారి ఉన్నా అది పూర్తి వోల్టేజి చూపిస్తుంది. మోటారుకి ఆంపియర్లు కావాలి. అందుకే లోడు మీద, అంటే మోటారు కరెంటు లాగుతుండగా, చూడకుండా వైరు మంచిదని నమ్మకూడదు.

ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పి పది నిమిషాలు ఆగాను. సీటు కింద పసుపు కనెక్టరు ఎయిర్‌బ్యాగ్‌ది, దాని మీద మీటరు పెట్టనే కూడదు. సీటు వెనక్కి ఉండటం వల్ల ముందువైపు కార్పెట్ తేలిగ్గా లేచింది. అడుగున స్పాంజి ఇంకా తడిగానే ఉంది. అక్కడే ఎర్త్ బోల్టు. దానికి బిగించిన లగ్గు, అంటే వైరు చివరి లోహపు రింగు, నిండా రాగి చెంబుకి పట్టినట్టు పచ్చటి చిలుము. వేలితో కదిపితే వైరు ఊడి చేతిలోకి వచ్చింది, అప్పటిదాకా రెండు మూడు పోగులు మాత్రమే పట్టుకుని ఉన్నాయి పాపం.

మెరిసే రాగి కనబడేదాకా వైరు కత్తిరించి, కొత్త లగ్గు నొక్కి, బోల్టు చుట్టూ ఎమెరీ పేపరుతో రుద్ది, బిగించాక వాసెలిన్ పూశాను. కార్పెట్ రెండు రోజులు ఎండలో ఆరింది.

బ్యాటరీ తగిలించి మా ఆవిణ్ణి పిలిచాను. స్విచ్ నొక్కి పెడల్స్ దాకా జరుపుకుని, క్లచ్ రెండుసార్లు తొక్కి చూసింది. దిండు తీసి నా చేతికిచ్చింది.