స్పా నాకు సరే, మిగతా నలుగురి సంగతేంటి?

స్పా ఉన్న హోటల్లో రెండు రోజులు ఉందామని నేను అనగానే మా అత్తయ్య అడిగింది ఒకటే మాట. "తప్తపాణి ఉండగా వైజాగెందుకే అమ్మాయ్?" ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఒడిశాలోని మా బరంపురం నుంచి యాభై కిలోమీటర్లు వెళ్తే అడవి మధ్యలో గంధకం వాసన వేసే వేడినీళ్ళ ఊట ఉంది. అక్కడి ప్రభుత్వ టూరిస్టు హోటల్ పంథనివాస్‌లో కొన్ని గదులకి ఆ ఊట నీళ్ళే పైపుల్లో తెచ్చి స్నానాల తొట్టిలోకి వదులుతారు. మోకాళ్ళ నొప్పులకి మా వాళ్ళు ఎప్పట్నుంచో వెళ్ళే చోటే అది.

అయితే నాకు కావాల్సింది వేడినీళ్ళు కాదు, నా భుజాలు ఎవరైనా గట్టిగా పట్టుకుని వదిలించడం. మాది పట్టుచీరల షాపు. పెళ్ళివారు వచ్చి కూర్చున్నారంటే నలభై చీరలు విప్పిస్తారు, రెండు తీసుకుంటారు. మిగతా ముప్ఫై ఎనిమిదీ మడతపెట్టేది నేనే. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా ఇదే పని. ఆషాఢం వచ్చేసరికి కుడి చెయ్యి పైకి లేవదు.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి షాపు ఖాళీ. వైజాగ్ హోటళ్ళకీ అది పెద్ద సీజన్ కాదు. దసరాకీ డిసెంబరుకీ అరకు వెళ్ళే బెంగాలీ టూరిస్టులతో రేట్లు మండిపోతాయి, ఆ జోలికి మేం వెళ్ళం. 2025లో రథయాత్ర జూన్ 27, శుక్రవారం పడింది. పిల్లలకి సెలవు, ఆ వెంటనే శని, ఆదివారాలు. ఊరంతా పూరీ వైపు ఎగబడుతుంటే మేం ఎదురు దిక్కు రైలెక్కాం.

గోపాల్‌పూర్ పక్కనే ఉంది కదా, అక్కడా మంచి రిసార్టులున్నాయి కదా అని మీరు అడగొచ్చు. ఉన్నాయి. కానీ షాపుకి అరగంట దూరంలో ఉంటే మా ఆయన ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఆయన "గంటలో వచ్చేస్తా" అని బండి తీస్తారు. ఇక భువనేశ్వర్ అంటే మా ఇంట్లో అందరికీ గుర్తొచ్చేది ఆస్పత్రి చెకప్పులే. అందుకే వైజాగ్.

హోటల్ వెతకడం మొదలుపెట్టాక తెలిసిందేంటంటే, ఎక్కడ చూసినా స్పా ఎంత బాగుంటుందో చెబుతారు. కొవ్వొత్తులు, పూలరేకులు, కళ్ళు మూసుకుని పడుకున్న అమ్మాయి ఫొటో. మాకు అక్కర్లేనిది అదే. మేం ఐదుగురం: నేను, మా ఆయన, డెబ్భై దాటిన అత్తయ్య, పదకొండేళ్ళ అమ్మాయి, ఐదేళ్ళ అబ్బాయి. నేను లోపల గంటన్నర పడుకుంటే ఆ గంటన్నర మిగతా నలుగురూ ఎక్కడుంటారు, ఏం చేస్తారు? ప్రతి హోటల్‌నీ ఈ ఒక్క ప్రశ్నతోనే తూచాను. బయట పిల్లాడు ఏడుస్తున్నాడేమో అన్న టెన్షన్ ఉంటే ఎంత నొక్కినా భుజం వదలదు.

ఆన్‌లైన్‌లో బుక్ చేసే ముందు నేను ఫోన్ చేస్తాను. మా ఆయనకి ఇది నామోషీ, నాకు కాదు. బరంపురం నుంచి అనగానే అవతల అబ్బాయి హిందీలోకి దిగిపోతాడు. "తెలుగులోనే చెప్పు బాబూ" అంటే గొంతు మారుతుంది, ఆ తర్వాత అసలు విషయాలు బయటికొస్తాయి. ఒక హోటల్లో రిసెప్షన్ అబ్బాయి "పిల్లలకీ స్పా ఉంది మేడమ్" అన్నాడు. స్పా కౌంటర్‌కి కలపమంటే అక్కడి అమ్మాయి పదహారేళ్ళ లోపు వాళ్ళని లోపలికి రానివ్వం అంది. చాలా చోట్ల రూలు పదహారు, కొన్ని చోట్ల పద్దెనిమిది. అది సబబే, ఆ రూలుతో నాకు పేచీ లేదు. రెండు కౌంటర్ల మాటకీ పొంతన లేకపోతేనే భయం. ఆ హోటల్ వదిలేశాను.

ఇంకో సంగతి. స్పా అని రాసిన ప్రతి చోటా స్పా ఉండదు. కొన్నిటిలో అది జిమ్ పక్కన ఒక స్టీమ్ గది, అంతే. కొన్నిటిలో బయటి వాళ్ళు అద్దెకి నడిపే సెలూన్. అందుకే మసాజ్ గదులు ఎన్ని, ఆడవాళ్ళకి ఆడ థెరపిస్టులే ఉంటారా, స్టీమ్ గది ఆడవాళ్ళకి విడిగా ఉందా అని అడగాలి. సమాధానం తడుముకుంటూ వస్తే సంగతి అర్థమైపోతుంది.

ఇక పూల్. ఇంటిల్లిపాదికీ అసలు స్పా అదే అంటాను నేను. వైజాగ్‌లో సముద్రం ఎదురుగానే ఉన్నా ఆర్కే బీచ్ దగ్గర నీళ్ళలోకి దిగడం ప్రమాదం, ఆషాఢం అలలకైతే అసలు దిగకూడదు. పిల్లలు తడవాలంటే హోటల్ పూలే గతి. నేను అడిగినవి ఇవి: పిల్లల పూల్ విడిగా ఉందా, లోతెంత, లైఫ్‌గార్డ్ ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఉంటాడు, వానొస్తే ఏం చేస్తారు. చిన్న చినుకులకి పర్వాలేదు గానీ ఉరుములు మొదలైతే పూల్ ఖాళీ చేయించాలి. "మా దగ్గర అలాంటిదేం లేదు, ఎప్పుడైనా దిగొచ్చు" అని గొప్పగా చెప్పిన వాళ్ళని నేను నమ్మను.

బట్టల సంగతి ముందే కనుక్కోండి. దాదాపు అన్ని హోటళ్ళలో నైలాన్, లైక్రా కాస్ట్యూమ్ ఉంటేనే పూల్‌లోకి రానిస్తారు. కాటన్ బట్టల నూలు ఫిల్టర్లలో చిక్కుకుంటుంది, రంగు దిగుతుంది. రంగు దిగడం గురించి చీరల షాపు వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మా అమ్మాయికి మోకాళ్ళ దాకా వచ్చే సూటు ఊళ్ళోనే కొన్నాం. హోటల్లో కొంటే రెట్టింపు పెట్టాలి.

పూల్ దగ్గర నిలబడి ఒక్కసారి వాసన చూడండి. ఘాటుగా ముక్కుకి కొడితే బాగా శుభ్రంగా ఉందని చాలామంది అనుకుంటారు. కాదు. నీళ్ళలో కలిసిన చెమటతో, పిల్లలు పోసిన ఉచ్చతో క్లోరిన్ కలిస్తే పుట్టేదే ఆ వాసన. కళ్ళు మండేదీ అందుకే. సరిగ్గా చూసుకునే పూల్‌కి వాసన తక్కువే ఉంటుంది. మేం ఉన్న చోట పూల్ అబ్బాయి పొద్దున్నే చిన్న డబ్బాలో నీళ్ళు తీసి, చుక్కలు వేసి, రంగు చూసి పుస్తకంలో రాసుకోవడం మావాడు కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. తర్వాత రోజంతా వాడు ప్రతి గ్లాసు నీళ్ళనీ అలాగే పరీక్ష చేశాడు.

పక్కనే బుడగలొచ్చే జాకుజీ ఉంది. దాంట్లోకి దిగుతానని వాడు నానా గొడవ. దాని నీళ్ళు ముప్ఫై ఎనిమిది నుంచి నలభై డిగ్రీల దాకా ఉంటాయి. చిన్నపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళ కన్నా త్వరగా వేడెక్కిపోతుంది, ఐదేళ్ళ లోపు వాళ్ళని దింపనే కూడదు. మావాడికి ఐదు నిండి ఎన్నాళ్ళో కాలేదు. కాళ్ళు పెట్టనిచ్చాను, అంతే. గర్భిణులూ, బీపీ మందులు వాడే వాళ్ళూ డాక్టరుని అడిగాకే దిగాలి.

హోటల్ ఎక్కడుండాలన్న దానికి రుషికొండా, ఆర్కే బీచా అని ఇంట్లో పెద్ద చర్చ. రుషికొండ వైపు ప్రశాంతంగా ఉంటుంది, నిజమే. కానీ స్టేషన్ నుంచి దూరం, హోటల్ గేటు దాటితే ఐదేళ్ళ పిల్లాడు నడిచి వెళ్ళే చోట్లు తక్కువ. నా గంటన్నర లెక్కలో ఆర్కే బీచే గెలిచింది. అక్కడ కురుసుర సబ్‌మెరైన్ ఉంది. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది, ఆ మరుసటి ఏడు మ్యూజియం చేశారు. రోడ్డుకి అవతల నేవీ వాడిన టీయూ-142 విమానం, అది 2017 నుంచి మ్యూజియం. సబ్‌మెరైన్‌కి సోమవారం సెలవు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే లోపలికి వదులుతారు. కాబట్టి నా మసాజ్ సాయంత్రం నాలుగుకి పెట్టించుకున్నాను. ఆ టైముకి మా ఆయన పిల్లలిద్దర్నీ తీసుకుని సబ్‌మెరైన్‌లోకి. తొంభై మీటర్ల పొడవు, లోపల ఇరుకు. అందుకని అత్తయ్య హోటల్లోనే ఉంది.

అత్తయ్యకి అరగంట పాదాల మసాజ్ చెప్పాను. బట్టలు మార్చక్కర్లేదు, కుర్చీలో కూర్చుంటే చాలు. "ఈ డబ్బుతో ఇంట్లో ఏడాది పొడుగునా నువ్వులనూనెతో తలంటుకోవచ్చు" అని గొణుగుతూనే కూర్చుంది. ముందు ఒక కాగితం ఇస్తారు: బీపీ ఉందా, షుగర్ ఉందా, ఏ మందులు వాడుతున్నారు, ఆపరేషన్లేమైనా అయ్యాయా. విసుక్కోకుండా నిజం రాయాలి. అత్తయ్యకి షుగర్. షుగర్ ఉన్న వాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గితే నీళ్ళు కాలుతున్నా తెలియదు. ఆ అమ్మాయి కాగితం చదివి, కాళ్ళు కడిగే నీళ్ళలో ముందు తన ముంజేయి పెట్టి చూసింది, అరికాళ్ళు తిప్పి పుండ్లేమైనా ఉన్నాయా అని చూసింది. ఆ ఒక్క పనితో నాకు హోటల్ మీద నమ్మకం కుదిరింది. కాగితమే ఇవ్వని స్పాలోకి పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి.

నా వంతు వచ్చింది. నాగాలాండ్ అమ్మాయి, సన్నగా ఉంది, ఈమె చేతుల్లో ఏం బలం ఉంటుందిలే అనుకున్నాను. వీపు మీద చెయ్యి వేసి కాసేపు ఆగి, "దీదీ, మీరు ఏం పని చేస్తారు? కుడి భుజం పైకి ఉంది" అంది హిందీలో. చీరలు అన్నాను. మిగతా చోట్ల తేలిగ్గా తేల్చేసి, మెడకీ రెక్కకీ మధ్య ఒక్క చోట బొటనవేలు పెట్టి వదల్లేదు. ప్రాణం పోయిందనుకున్నాను, తర్వాత చెయ్యి చెవి దాకా లేచింది. లోపల కట్టుకోమని ఇచ్చే ఆ కాగితం నిక్కరు గురించి మాత్రం ఎవరూ ముందు చెప్పరు, నేను చెబుతున్నాను, నవ్వుకోవద్దు. ఇంకోటి, అరవై నిమిషాలు అని రాస్తే అందులో కాగితం నింపడం, స్నానం కలిపారో లేదో అడగండి. కొన్ని చోట్ల నిజంగా చేతులు పడేది యాభై నిమిషాలే. బాలినీస్, స్వీడిష్ అని మసాజుల పేర్లు చూసి కంగారు పడక్కర్లేదు. ఎక్కడ నొప్పో, ఎంత గట్టిగా కావాలో చెబితే చాలు.

డబ్బు సంగతి కాస్త. గదులు రెండు తీసుకున్నాం, మధ్యలో తలుపున్నవి. పెద్ద ఫ్యామిలీ గది ఒకటి చౌక, కానీ అత్తయ్య నాలుగింటికి లేచి దీపం, జపం మొదలుపెడుతుంది. మేం వెళ్ళినప్పుడు 7,500 లోపు గదికి జీఎస్టీ 12 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 అయింది. 7,500 దాటితే మాత్రం 18. అంటే 7,400 గదికి పన్నుతో 7,770 అయితే, 7,600 గదికి 8,968. రెండొందల తేడా పన్నెండొందలు అవుతోంది. ఎక్స్‌ట్రా బెడ్ కలిపాక ఆ గీత దాటుతుందేమో ముందే అడగండి. సెలూన్లు, జిమ్‌ల లాంటి వాటి మీదా అదే రోజు నుంచి 18 శాతం 5కి తగ్గింది, కాబట్టి స్పా బిల్లులో ఏ రేటు వేశారో చూసుకోండి. రెస్టారెంటులో సర్వీస్ చార్జి తప్పనిసరని అంటే ఒప్పుకోనక్కర్లేదు. దాన్ని బిల్లులో దానంతట అదే కలపకూడదన్న మార్గదర్శకాలు 2022 జులైలో వచ్చాయి, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. ఫిర్యాదుకి నంబరు 1915.

బ్రేక్‌ఫాస్ట్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పెసరట్టు వేడిగా వేసిచ్చారు, అత్తయ్యకి ఉల్లిపాయ లేకుండా విడిగా వేశారు, చాలు.

రైలు టైములే అసలు తలనొప్పి. భువనేశ్వర్ నుంచి వచ్చే వందేభారత్ బరంపురంలో ఆగుతుంది, 2024 మార్చి నుంచి నడుస్తోంది. పొద్దున ఎక్కితే పదకొండు ప్రాంతానికి వైజాగ్‌లో దింపేస్తుంది. హోటల్ గది ఇచ్చేది రెండింటికి. తిరుగు రైలు మధ్యాహ్నం, గది ఖాళీ చేయాల్సింది దానికి చాలా ముందు. పిల్లలతో ఆ మధ్య గంటలు ఎక్కడ గడపాలి? అందుకే బుక్ చేసే ముందే అడిగాను: గది ఇవ్వకపోయినా పూల్ వాడుకోవచ్చా, ఖాళీ చేశాక సామాను మీ దగ్గర పెట్టొచ్చా, పూల్ దగ్గర స్నానం చేసి బట్టలు మార్చుకునే గది ఉందా? మూడింటికీ ఔనన్న హోటల్‌కే డబ్బు కట్టాను. ఆదివారం పిల్లలు ఒంటిగంట దాకా నీళ్ళలోనే ఉన్నారు, అక్కడే తల తుడిచి, అన్నం తినిపించి బయల్దేరాం. హోటల్ నుంచి స్టేషన్ దగ్గరే, కానీ వాన పడితే ఆటోలు దొరకవు. బండి ముందే చెప్పి పెట్టించుకోండి.