లేపాక్షి పైకప్పు కింద

హిందూపురం బస్టాండులో పల్లెవెలుగు ఎక్కి ఆధార్ చూపిస్తే కండక్టరమ్మ ఒక చూపు చూసి తిరిగి ఇచ్చేసింది. "ఇది తెలంగాణదమ్మా, ఈడ చెల్లదు. టికెట్ తీసుకో." మా దగ్గర మహాలక్ష్మి, ఇక్కడ స్త్రీశక్తి. రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్ళకి బస్సు ఉచితమే, కానీ పక్క రాష్ట్రం అమ్మాయి మాత్రం డబ్బు కట్టాలి. చిన్న మొత్తమే అయినా మనసు చివుక్కుమంది. కాచిగూడలో ఎక్కిన దగ్గర్నుంచి నిద్ర లేదు. తెల్లవారకముందే దిగి స్టేషన్లో దోమలతో కూర్చున్నాను. బయట ఆటోవాళ్ళేమో లేపాక్షి దాకా పదిహేను కిలోమీటర్లకి హైదరాబాద్ క్యాబ్ కన్నా ఎక్కువ అడిగారు.

నేను ఫైన్ ఆర్ట్స్‌లో ఫొటోగ్రఫీ చదువుతున్నాను. మొదటి ఏడాదంతా మా చేతిలో కెమెరా కన్నా పెన్సిలే ఎక్కువ. కుండలు, గుడ్డ మడతలు, పక్కన కూర్చున్నవాళ్ళ చేతులు గీయించారు. ఫొటోలు తీయడానికి చేరితే ఈ బొమ్మలెందుకని చాలా చిరాకు పడ్డాను. ఇప్పుడు వెలుగు మీద ఒక ఫొటోల సెట్ ఇమ్మన్నారు. అందరూ చార్మినార్, ట్యాంక్‌బండ్ అంటుంటే నేను లేపాక్షి ఎంచుకున్నాను.

దారిలోనే పెద్ద నంది. ఒకే రాయి, ఇరవై ఏడడుగుల పొడవు. ఎండ నెత్తిన పడుతుంటే నాలుగు ఫొటోలు తీసి గుడికి నడిచాను. లోపల వేలాడే స్తంభం దగ్గర జాతర. కింది సందులోంచి ఒకరు టవల్ దూర్చడం, ఇంకొకరు లాగడం, మిగతావాళ్ళు వీడియో తీయడం. కాసేపటికి ఆ గుంపు, విరూపణ్ణ తన కళ్ళు తానే పెరికి విసిరికొట్టాడని చెప్పుకునే మరకలంటూ బయటి గోడ దగ్గరికి వెళ్ళింది. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో కోశాధికారిగా ఉండి ఈ గుడి కట్టించినవాడు విరూపణ్ణ. ఆయనా సోదరుడు వీరణ్ణా పరివారంతో దేవుడికి మొక్కుతున్న బొమ్మ గుడి లోపల పైకప్పు మీదే ఉంది. లోపల ఉన్నంతసేపూ ఒక్కరూ తల ఎత్తలేదు. నాకు నిజంగా బాధేసింది.

నాట్యమండపం పైకప్పంతా బొమ్మలే. కిరాతార్జునీయం, ద్రౌపది స్వయంవరం, దూడను చంపిన కొడుక్కి శిక్ష వేసిన చోళరాజు కథ. వెనకంతా కావి ఎరుపు. మాది చేర్యాల దగ్గరి ఊరు. కథ చెప్తూ విప్పి చూపే నకాషీ పటాల్లో ఆ ఎరుపును చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి పైకి చూడగానే మా ఊరి గోడ కనిపించినంత చనువుగా అనిపించింది. అయితే పటం కిందికి దిగి మన ముందు నిలబడుతుంది. ఇక్కడ మనమే తల ఎత్తి పోవాలి.

ఫ్లాష్ వాడకూడదు. ట్రైపాడ్ కావాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. చేత్తో పట్టుకుని, కెమెరా తక్కువ వెలుగునీ పట్టేలా చేసే ఐఎస్ఓ పెంచుకుంటూ పోతే ఎరుపంతా గరుకుగా, బురదగా వస్తోంది. మెడ పట్టేసింది.

"ఏం పాపా, మెడ నొయ్యట్లేదా? పండుకోని చూడు."

స్తంభం పక్కన తువాలు పరుచుకుని, వెల్లకిలా పడుకుని ఒక పెద్దాయన ఏదో గీస్తున్నాడు. ధర్మవరంలో పట్టుచీరలకి డిజైన్లు గీసే మనిషి. పొట్ట మీద అట్ట, అట్ట మీద గ్రాఫ్ కాగితం. ఒక్కో గడి ఒక్కో పోగు లెక్క. వెనకటికి ఆ గళ్ళు చూసే, మగ్గం మీద డిజైన్ నడిపే జకార్డ్ అట్టలకి రంధ్రాలు కొట్టేవాళ్ళట, ఇప్పుడు కంప్యూటర్ చేస్తోందట. అయినా ఆయన చేత్తో గీసుకుపోయి కుర్రాళ్ళకిస్తాడు. అంత పెద్ద పైకప్పులో ఆయన చూస్తున్నది వరసగా నిల్చున్న ఆడవాళ్ళలో ఒకామె కొంగు అంచు మాత్రమే.

"ఫొటో తీసుకుంటే ఇంటి దగ్గర గీసుకోవచ్చు కదా తాతా?" అన్నాను.

"ఫొటోలో అన్నీ ఉంటాయి పాపా. నాకు అన్నీ వద్దు."

ఒక కాగితం, పెన్సిల్ ముక్క ఇచ్చాడు. పక్కనే పడుకున్నాను. వెనకనుంచి రాతి చల్లదనం ఎక్కింది. గీయడం మొదలుపెట్టాక ఆ వరసలో ఏ ఇద్దరి చీరా ఒకటి కాదని తెలిసింది. ఒకరిది చారలు, ఒకరిది గళ్ళు, ఒకరిది పూలు. ముఖాలన్నీ పక్కకి తిరిగి ఉంటాయి, కన్ను మాత్రం చెంప దాటి వచ్చేంత పొడుగు. నల్లగీత ముక్కు దగ్గర సన్నబడి గడ్డం కింద లావెక్కుతుంది. కుంచె ఎక్కడ నొక్కారో, ఎక్కడ వదిలారో పెన్సిల్‌తో వెంట వెళ్తే తెలుస్తోంది. అంతకుముందు తీసిన ఫొటోల్లోనూ ఆ గీత ఉంది, నేనే దాన్ని చూడలేదు. మొదటి ఏడాది మా సార్ మాచేత కుండ అంచు మళ్ళీ మళ్ళీ ఎందుకు గీయించారో అక్కడ అర్థమైంది.

ఇంతలో బొమ్మల రంగు మారింది. ఎండ బయటి ఆవరణలోని బండల మీద పడి, అక్కడినుంచి ఎగిరి పైకప్పుకి తగులుతోంది. వెలుగు పక్కనుంచి వస్తోంది కాబట్టి పెచ్చు లేచిన సున్నం అంచులకి చిన్న చిన్న నీడలు వచ్చాయి. పోయిన చోటెక్కడో, మిగిలిన చోటెక్కడో స్పష్టంగా తెలుస్తోంది. దుపట్టా చుట్టి నేల మీద పెట్టి, కెమెరాని దానిమీద లెన్స్ పైకి ఉండేలా పడుకోబెట్టాను. ఐఎస్ఓ తగ్గించి, ఒక సెకను ఎక్స్‌పోజర్, టైమర్. వచ్చిన ఫొటోలో ఎరుపు ఎరుపులాగే ఉంది. పెద్దాయన స్క్రీన్ మీద కొంగు అంచు పెద్దది చేసి చూసి, "ఇది నాకు పంపు" అన్నాడు. ఆ రోజు నాకు దక్కిన మార్కులు అవే.

ఆ రాత్రి ధర్మవరంలో లాడ్జి, కారం ఎక్కువైన ఉగ్గాని. పొద్దున్నే నిమ్మలకుంట వెళ్ళాను, అది కూడా పెద్దాయన చెప్పినందుకే. తోలుబొమ్మల ఊరు అది. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నేను వెళ్ళిన ఇంట్లో ఒక అక్క కూర్చుని సీతమ్మ నగలకి ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొడుతోంది. నేల మీద బొమ్మ మసకగా, ముదురుగా ఉంది. ఎత్తి కిటికీకి అడ్డం పట్టింది. మేకతోలు గుండా వెలుగొచ్చి చీర నిప్పులా ఎర్రబడింది, రంధ్రాలన్నీ ముత్యాలయ్యాయి. నల్లగీత, పక్కకి తిరిగిన ముఖం, పొడుగు కన్ను. నిన్న పడుకుని గీసిన ముఖమే! లేపాక్షిలో వెలుగు బొమ్మ మీద పడుతుంది, ఇక్కడ బొమ్మలోంచి వస్తుంది.

ఆటలకి పిలిచేవాళ్ళు తగ్గి ఇప్పుడు లాంప్‌షేడ్లే ఎక్కువ చేస్తున్నారు. వేలల్లో ధర చెప్తే మొదట ఎక్కువనుకున్నాను. తోలు నానబెట్టి, గీకి, ఆరబెట్టి, గీసి, కొట్టి, రంగు వేసే పని అంతా చూశాక బేరం ఆడాలనిపించలేదు. నా దగ్గరున్న డబ్బుకి చిన్న నెమలి వచ్చింది.

"సెలవుల్లో వచ్చి నేర్చుకోవచ్చా అక్కా?" అని అడిగాను.

"రా. ముందు తోలు గీకేది నేర్చుకోవాల, వాసన వస్తాది మరి" అంది.

వస్తానని చెప్పి ఫోన్ నంబర్ రాసుకున్నాను. సబ్మిషన్‌లో ఫొటోల పక్కన పెన్సిల్ బొమ్మలు కూడా పెడతానని సార్‌కి రైల్లోంచే మెసేజ్ పెట్టాను.