రోబో కొనకుండానే రోబోటిక్స్: ఎండాకాలం సెలవుల్లో ఓపెన్ సోర్స్ పని

సెమిస్టర్ అయిపోవస్తుంటే జూనియర్స్ నుంచి ఒకటే మెసేజ్ వస్తూ ఉంటుంది, అన్నా మా కాలేజీలో రోబోటిక్స్ ల్యాబ్ లేదు, రోబో కొనేంత డబ్బుల్లేవు, మరి ఆ ఫీల్డ్‌లోకి ఎలా వెళ్ళాలి అని. విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే మొత్తం రాసేస్తున్నా.

ఇప్పుడు ప్రపంచంలో రీసెర్చ్ ల్యాబుల్లోనూ స్టార్టప్స్‌లోనూ చాలా రోబోలు నడిచేది రాస్ (ROS, రోబో ప్రోగ్రాములు రాయడానికి వాడే సాఫ్ట్‌వేర్) మీద, వాటిని కంప్యూటర్‌లోనే నడిపించి చూసేది గజీబో అనే సిమ్యులేటర్‌లో. రెండూ ఫ్రీ, రెండిటి కోడూ అందరికీ కనపడేలా ఉంటుంది, దాన్నే ఓపెన్ సోర్స్ అంటారు. ఇంకో సంగతి, రెండిటి మొదట్లోనూ స్టూడెంట్స్ చెయ్యి ఉంది. గజీబో 2002లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో పుట్టింది, రాస్‌కి బీజం స్టాన్‌ఫర్డ్‌లో ఇద్దరు పీహెచ్‌డీ స్టూడెంట్స్ వేశారు, 2007లో విల్లో గరాజ్ అనే కంపెనీ దాన్ని చేతిలోకి తీసుకుని పెంచింది, 2012లో వీటిని చూసుకోవడానికి విడిగా ఒక ఫౌండేషన్ వచ్చింది. అందుకేనేమో కొత్తగా వచ్చే స్టూడెంట్‌ని అక్కడ ఎవరూ బయటివాడిలా చూడరు, నాకైతే ఎప్పుడూ అలా అనిపించలేదు.

సమ్మర్‌లో ఇలాంటి ఓపెన్ సోర్స్ పని చెయ్యడానికి బాగా తెలిసిన దారి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, అందరూ జీసాక్ అంటారు, ఒక ప్రాజెక్ట్‌లో మెంటార్ సాయంతో పని చేస్తే గూగుల్ స్టైపెండ్ ఇస్తుంది. 2005 నుంచి నడుస్తోంది. 2022 నుంచి స్టూడెంట్సే కానక్కర్లేదు, 18 ఏళ్ళు నిండి ఓపెన్ సోర్స్‌కి కొత్తయితే చాలు. ప్రాజెక్ట్ సైజుని బట్టి 90, 175 లేదా 350 గంటల పని, ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు, స్టైపెండ్ దేశాన్ని బట్టి మారుతుంది. రోబోటిక్స్ వైపు రాస్, గజీబోతో పాటు డ్రోన్లు నడిపే ఆర్డుపైలట్, మాడ్రిడ్‌లోని ఒక యూనివర్సిటీ వాళ్ళతో ముడిపడి ఉన్న జేడీరోబాట్ లాంటివి పాల్గొంటూ వచ్చాయి. ఏ ఏడాది ఎవరు ఉంటారో ఫిబ్రవరిలో వచ్చే లిస్టులో చూసుకోవాలి.

మన దగ్గర బీటెక్‌లో ఇంటర్న్‌షిప్ కావాలంటున్నారు కాబట్టి చాలామంది ఎక్కడో డబ్బు కట్టి, నాలుగు వీడియోలు చూసి సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. వాళ్ళని తప్పుపట్టను, టైం లేకో దారి తెలియకో అలా చేస్తారు, కానీ ఆ రెండు నెలలు పోతున్నాయే అని మాత్రం నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే ఓపెన్ సోర్స్‌లో దొరికేది ఇంకెక్కడా అంత తేలిగ్గా దొరకదు, అదేంటంటే రివ్యూ. ఏళ్ళ తరబడి రోబోలు నడిపినవాళ్ళు మీ కోడ్ లైన్ లైన్ చదివి, ఇది ఎందుకిలా రాశావు అని అడుగుతారు.

ఒక ఉదాహరణ చెప్తా. సిమ్యులేటర్‌లో రోబో గోడ దాకా వెళ్ళి ఆగుతోందా అని టెస్ట్ రాస్తాం, 5 సెకన్లు ఆగి రోబో ఎక్కడుందో చూడమంటాం. మన ల్యాప్‌టాప్‌లో పాస్, పుల్ రిక్వెస్ట్ (మన మార్పుని ప్రాజెక్ట్‌లో కలపమని అడగడం) పెట్టాక, టెస్టులు నడిపే వాళ్ళ సర్వర్‌లో ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్. అప్పుడు రివ్యూ చేసే ఆయన అడిగే ప్రశ్న, ఈ 5 సెకన్లు ఎవరివి, నీ గడియారంవా సిమ్యులేటర్‌వా అని. ఆ సర్వర్ స్లో అయితే లోపల ప్రపంచం కూడా నెమ్మదిగా నడుస్తుంది, బయట 5 సెకన్లు అయ్యేసరికి లోపల రెండో మూడో అయి ఉంటాయి, రోబో ఇంకా దారిలోనే ఉంటుంది. కాబట్టి సిమ్యులేటర్ టైం చూసి ఆగాలి. ఈ ఒక్క ప్రశ్న అర్థమైతే రోబోటిక్స్‌లో టైం అంటే ఏంటో జన్మలో మర్చిపోరు, నేను మాత్రం ఇప్పటికీ ఆఫీసులో ఏ టెస్ట్ చూసినా ముందు అదే వెతుకుతా.

మొదలుపెట్టేటప్పుడు పెద్ద ఫీచర్ జోలికి వెళ్ళకండి. డాక్యుమెంటేషన్‌లో ఉన్న ట్యుటోరియల్ ఒకటి తీసుకుని ఉన్నది ఉన్నట్టు చేసుకుంటూ వెళ్ళండి, ఎక్కడ ఆగిపోతే అక్కడే మీ మొదటి కంట్రిబ్యూషన్ ఉంది. రాస్ కొత్త తరం రాస్ 2లో కొత్తవాళ్ళు చాలామంది తగులుకునేది ఒకటుంది: లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే సెన్సార్) డేటా వస్తోంది కానీ మన ప్రోగ్రాంకి అందదు. పంపేవైపు బెస్ట్ ఎఫర్ట్ (అందకపోతే మళ్ళీ పంపదు) అని, తీసుకునేవైపు రిలయబుల్ (ప్రతీదీ అందాల్సిందే) అని సెట్టింగ్ ఉంటే ఆ రెండూ అసలు కలవవు, ఒక వార్నింగ్ లైన్ వస్తుంది గానీ మిగతా లాగ్స్ మధ్యలో కొట్టుకుపోతుంది, మనమేమో సెన్సార్ పోయిందనుకుని కూర్చుంటాం. ఇలాంటిది మీరు చూస్తున్న ట్యుటోరియల్‌లో రాసి లేకపోతే రెండు వాక్యాలు రాసి పంపండి, అది చిన్న పని కానే కాదు, ఎంతోమందికి ఒక పూట మిగులుతుంది.

జీసాక్‌కి ప్రపోజల్ (ఏం చేస్తారో రాసి పంపే ప్లాన్) కన్నా ముందు ఇలాంటివి రెండు మూడు చేసి ఉండటమే ముఖ్యం. మెంటార్ మిమ్మల్ని ఎంచుకునేది మీ పీడీఎఫ్ ఎంత అందంగా ఉందని కాదు, అడిగినదానికి ఎలా జవాబిస్తున్నారు, చెప్పిన మార్పు చేసి మళ్ళీ పంపుతున్నారా అన్నది చూసి. ఏఐతో రాయించిన కోడ్ చదవకుండా అలాగే పంపడం మాత్రం దయచేసి వద్దు, అవతల చదివేవాళ్ళలో చాలామంది సొంత టైంలో, జీతం లేకుండా చేస్తున్నారు.

కావాల్సినవి చెప్తా. సీ ప్లస్ ప్లస్ లేదా పైథాన్ ఒకటి గట్టిగా, గిట్ (కోడ్ మార్పులు దాచుకునే టూల్), లినక్స్ అలవాటు. ల్యాప్‌టాప్ పాతదైతే గజీబోని స్క్రీన్ మీద విండో తెరవకుండా వెనకాల నడపొచ్చు, గ్రాఫిక్స్ భారం తగ్గుతుంది. పాత వీడియోలు చూసి రాస్ 1తో మొదలుపెట్టకండి, దాని చివరి వెర్షన్ నోయెటిక్‌కి సపోర్ట్ 2025 మేలో ఆగిపోయింది, పాత గజీబో క్లాసిక్‌కి అదే ఏడాది జనవరిలో. ఉబుంటు 24.04 అనే లినక్స్ వేసుకుని రాస్ 2లో జాజీ అనే వెర్షన్ పెట్టుకోండి, ముందు తాబేలు బొమ్మ తిరిగే టర్టిల్‌సిమ్ చెయ్యండి, తర్వాత టర్టిల్‌బాట్ అనే చిన్న రోబోని గజీబోలో.

జీసాక్ అప్లికేషన్లు మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో తీసుకుంటారు, రిజల్ట్స్ ఏప్రిల్ చివర్లో లేదా మేలో. మిడ్స్, రికార్డులు, ప్రాక్టికల్స్ అన్నీ అప్పుడే మీద పడతాయి కాబట్టి దసరా సెలవుల నుంచే వారానికి ఒక రోజు దీనికి పెట్టుకోగలిగితే మంచిది. సెలెక్ట్ కాకపోయినా మీ పేరు మీద మెర్జ్ అయిన (ప్రాజెక్ట్‌లో కలిసిన) కోడ్ అక్కడే ఉంటుంది, ఇంటర్వ్యూలో లింక్ ఇవ్వొచ్చు.