ప్లగ్ తీయని ఆ మధ్యాహ్నం

విజయవాడ ఆటోనగర్‌లో గేట్లు, గ్రిల్స్ చేసే చిన్న షెడ్డు నాది. 2022 ఏప్రిల్‌లో, రాష్ట్రమంతటా కరెంటు కోతలు నడుస్తున్న రోజుల్లో, చేత్తో పట్టుకుని ఇనుము కోసే పాత ఏజీ ఫోర్ గ్రైండర్ మెషిన్‌కు బిగుసుకుపోయిన కటింగ్ వీల్‌ను, అంటే కోసే పల్చటి చక్రాన్ని, తీయబోయి ఎడమ చేతి చూపుడు వేలు, నడిమి వేలు దాదాపు పోగొట్టుకున్నాను. ఆ వేళ్ళు మళ్ళీ ముడుచుకుంటున్నాయి కాబట్టి ఇన్నాళ్ళకు దీన్ని రాయగలుగుతున్నాను.

ఆ మధ్యాహ్నం ఎల్ ఆకారపు ఇనుప యాంగిల్ కోస్తూ ఉండగా కరెంటు పోయింది. వీల్ అంచు అప్పటికే విరిగి ఉండటంతో, ఖాళీగా కూర్చోవడమెందుకు, ఈలోగా మార్చేద్దామనుకున్నాను. మెషిన్ తిరిగే కొద్దీ నట్టు తనంతట తానే బిగుసుకుంటుంది; పైగా మా మెషిన్‌లో ఇరుసును ఆపి ఉంచే బటన్ పిన్ను అరిగిపోయి, నొక్కినా జారిపోయేది. అందుకే గుడ్డపేలిక చుట్టి వీల్‌ను ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, కుడి చేత్తో రెండు పిన్నుల పానా వేశాను. మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు, "అన్నా, ప్లగ్ తీసెయ్యనా?" అని అడిగాడు. "కరెంటే లేదు కదరా, ప్లగ్‌తో పనేముంది?" అన్నాను. స్విచ్ ముందుకు తోసినది తోసినట్టే ఉందన్న సంగతి నాకు గుర్తు లేదు. కరెంటు పోగానే మెషిన్ మూగబోతుంది కాబట్టి, ఆన్‌లో ఉన్నదీ ఆఫ్‌లో ఉన్నదీ చప్పుడును బట్టి తెలియదు.

కరెంటు వచ్చింది. నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరిగే చక్రం అది. పేలిక చుట్టుకుపోయి చేతిని లోపలికి లాక్కుంది, పానా ఎగిరి రేకు గోడకు తగిలింది. నొప్పి వెంటనే తెలియలేదు. ముడుద్దామంటే ఆ రెండు వేళ్ళు కర్రల్లా నిటారుగా నిలబడిపోయాయి. చూస్తే భయం వేసింది రక్తానికి కాదు, దానికే.

పక్క షెడ్డువారు ప్రేమతోనే గాయం నిండా కాఫీ పొడి కూరారు. దాన్ని కడగడానికే ఆపరేషన్ థియేటర్‌లో చాలా సమయం పట్టిందని తర్వాత తెలిసింది. దయచేసి ఎవరికీ అలా చేయకండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేయి పైకెత్తి పట్టుకుని తీసుకువెళ్తే చాలు.

మొదట వెళ్ళిన ఆసుపత్రిలో కట్టు విప్పి చూసిన డ్యూటీ డాక్టరు, నా భార్య పక్కనే నిలబడి ఉండగా, "బొటనవేలు బాగానే ఉంది కదా, పైగా ఎడమ చేయి. రెండు వేళ్ళు పోతే మాత్రం ఏముందిలే" అన్నాడు. ఆయనకు అది ఓదార్పుగా తోచి ఉండవచ్చు. ఇనుము పట్టుకుని బతికేవాడికి ఎడమ చేయి అంటే ఏమిటో ఆయనకు తెలియదు. గీత మీద యాంగిల్‌ను కదలకుండా నిలబెట్టేది ఆ చెయ్యే. నా భార్య ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆ మాటను నేను ఈనాటికీ క్షమించలేదు.

మమ్మల్ని మరో చోటికి పంపారు. అక్కడి సర్జన్ గారు మర్నాడే ఆపరేషన్ చేశారు. వేళ్ళను ముడిచే టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళ లాంటివి, తెగితే రబ్బరులా అరచేతిలోకి వెనక్కి లాక్కుపోతాయని, వాటిని వెతికి తెచ్చి కుట్టాలని, వేలి మొదట్లోని ఆ చోటును ఒకప్పుడు సర్జన్లు వెంటనే కుట్టడానికే జంకేవారని ఆయన ఓపికగా చెప్పారు. చూపుడు వేలిలో స్పర్శ తెలిపే నరం కూడా తెగింది. ఆయనకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

ఆపరేషన్ అయిన రెండో రాత్రి మాత్రం నన్ను ఇంకా వదలలేదు. పన్నెండు దాటాక కట్టు లోపల చేయి ఉబ్బుతున్నట్టు, గుండె వచ్చి ఆ చేతిలోనే కొట్టుకుంటున్నట్టు మొదలైంది. కట్టు బయట కనిపించే నడిమి వేలి గోరు నేరేడు పండు రంగుకు తిరిగింది. కుడి చేత్తో తాకితే చల్లగా, నాది కాని వస్తువులా ఉంది. నా భార్య రెండుసార్లు వెళ్ళి పిలిచింది. "ఆపరేషన్ అయ్యాక నొప్పి ఉండదా, కాస్త ఓర్చుకోమనండి" అన్న జవాబే వచ్చింది. ఉదయానికి వేలు నల్లబడిపోతుందనుకున్నాను. దుర్గమ్మకు మొక్కుకున్నాను. ఇల్లు, షెడ్డు అప్పు, కూతురి ఫీజు అన్నీ ఆ ఒక్క గోరులోనే కనబడ్డాయి.

మూడు గంటలకు వేరే వార్డు నుంచి వచ్చిన సిస్టర్ గారు ఏమీ అడగకుండానే గోరును నొక్కి వదిలి, ఎర్రదనం ఎంతసేపటికి తిరిగి వస్తుందో చూశారు. రాలేదు. ఆమె మా ముందే డాక్టరుకు ఫోన్ చేసి, కత్తెర తెచ్చి, కట్టును పై నుంచి కింది దాకా, లోపలి దూది పొరతో సహా చర్మం కనబడేదాకా కోసేశారు. కాసేపటికి గోరు కింద ఎరుపు పాకుతూ రావడం నా కళ్ళతో చూశాను. ఆమె పేరు అడగలేదు. అదే నాకు మిగిలిపోయిన బాధ. కట్టు లోపల నొప్పి అంతకంతకూ పెరుగుతూ, వేళ్ళు చల్లబడితే ఎవరు విసుక్కున్నా సరే, వచ్చి చూసేదాకా పిలుస్తూనే ఉండండి.

ఆరు వారాలు మణికట్టు వంచి చెక్క కట్టినట్టు స్ప్లింట్ వేశారు. మూడు నెలల దాకా బరువు ఎత్తనివ్వలేదు. రోజూ ఫిజియోథెరపీలో కుడి చేత్తో ఆ వేళ్ళను ముడిపించుకునేవాణ్ణి. మానేస్తే టెండన్ కుట్టిన చోట అతుక్కుపోతుందని చెప్పారు. నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందట. ఆగస్టులో ఒక ఉదయం స్టీలు గ్లాసు పట్టుకుంటే చూపుడు వేలి కొసకు కాఫీ వేడి తగిలింది. నా భార్య ఆ రోజే ఇంద్రకీలాద్రికి తీసుకువెళ్ళి మెట్ల దారిలో నడిపించింది.

ఆ కుర్రాడు తప్పు తనదేనన్నట్టు రెండు వారాలు షెడ్డు వైపు రాలేదు. వాళ్ళింటికి వెళ్ళి, అడగాల్సిన మాట అడిగింది నువ్వే, వినకపోయింది నేను అని చెప్పాను.

వీల్ మాత్రం ఆ మెషిన్‌కు అలాగే ఉండిపోయింది. డిసెంబరులో ఆ మెషిన్‌ను కిందికి దించాను. ముందు ప్లగ్ తీసి, వైరు చుట్టి, స్విచ్‌ను వెనక్కి లాగాను. కళ్ళద్దాలు పెట్టుకుని కటింగ్ ప్లేయర్‌తో వీల్‌ను అంచు నుంచి ముక్కలు ముక్కలుగా విరిచాను. నట్టు కింద వీల్ మందం పోగానే దాని బిగువంతా పోయింది. పానా అవసరం లేకుండా, ఎడమ చేతి రెండు వేళ్ళతోనే తిప్పితే ఊడివచ్చింది. అంతసేపూ ప్లగ్ కుర్రాడి చేతిలోనే ఉంది.